వారాంతపు ప్రేక్షకుడికి జపాన్ యానిమేషన్ చిత్రాలు: ఏది ముందు, ఎవరితో, ఎలా చూడాలి

బెంగళూరులోని తెలుగువారి ఇళ్లలో జపాన్ యానిమేషన్ చిత్రాల మాట వస్తే, ఇంట్లోని పిల్లలైనా, ఆఫీసులోని మిత్రులైనా ముందుగా చెప్పే పేరు ‘స్పిరిటెడ్ అవే’. 2002లో బెర్లిన్ చిత్రోత్సవంలో గోల్డెన్ బేర్ పురస్కారాన్ని మరో చిత్రంతో పంచుకుని, 2003లో ఆస్కార్ కూడా అందుకున్న ఆ చిత్రం నా ఇష్టాల వరుసలో పై స్థానాల్లోనే ఉంటుంది. అయినా మొదటి చిత్రంగా దాన్ని నేను ఎవరికీ సూచించను. అందులో దేవతలూ, ఆత్మలూ, స్నానశాల కట్టుబాట్లూ ఏ వివరణా లేకుండా ఒకదాని వెంట ఒకటి వచ్చేస్తాయి. ఆ పద్ధతికి అలవాటు పడని ప్రేక్షకుడు ‘ఇది ఏమిటి, అది ఎందుకు’ అని వెతుక్కోవడంలోనే రెండు గంటలు గడిపేస్తాడు. ఏ చిత్రం గొప్పది అని అడిగే ముందు, ఈ ఆదివారం మన టీవీ ముందు ఎవరెవరు కూర్చుంటారు, వారిలో ఎవరికి ఏ భాష చదవడం వచ్చు, ఎవరి మనసు ఇప్పుడు దేని మీద ఉంది అని చూసుకుంటే ఎంపిక సరిగా కుదురుతుందని నా నమ్మకం.

ఈ సూచనలు ధారావాహికలను ఏళ్ల తరబడి వదలకుండా చూసే అభిమానుల కోసం కాదు. నెలకు ఒకటో రెండో చిత్రాలు చూడగలిగే ఉద్యోగస్థుల కోసం, చిన్నపిల్లలూ పెద్దవాళ్లూ కలిసి ఉండే ఇళ్ల కోసం రాస్తున్నవి. ‘స్పిరిటెడ్ అవే’ తీసిన జపాన్ యానిమేషన్ సంస్థ స్టూడియో ఘిబ్లీ వారి చిత్రాల్లో చాలావరకు 2020 నుంచి మన దేశంలో నెట్‌ఫ్లిక్స్‌లో దొరుకుతున్నాయి. మిగిలిన స్టూడియోల చిత్రాలు ఒక ఓటీటీ నుంచి మరో ఓటీటీకి మారుతూ ఉంటాయి కాబట్టి, చూడదలచిన వారమే వెతుక్కోవడం మంచిది.

చూసే ముందు సరిచేసుకోవలసినవి

మొదటిది టీవీ అమరిక. ఇప్పటి టీవీల్లో చాలావాటికి కదలికను నునుపు చేసే సదుపాయం ముందే ఆన్ చేసి ఉంటుంది. మెనూలో దాని పేరు కంపెనీని బట్టి మారుతుంది కానీ, అందులో ‘మోషన్’ అన్న మాట దాదాపు ఎప్పుడూ ఉంటుంది. క్రికెట్‌కు అది పనికొస్తుందేమో కానీ చేతితో గీసిన చిత్రానికి హాని చేస్తుంది. సినిమా సెకనుకు 24 ఫ్రేములతో నడుస్తుంది. జపాన్ చిత్రకారులు చాలాచోట్ల ఒక్కో బొమ్మను రెండు లేదా మూడు ఫ్రేముల పాటు నిలుపుతారు, అంటే సెకనుకు పన్నెండో ఎనిమిదో బొమ్మలు గీస్తారు. ఎక్కడ నిలపాలి, ఎక్కడ వేగంగా కదపాలి అన్నది వారు ఆలోచించి తీసుకునే నిర్ణయం. టీవీ ఆ బొమ్మల మధ్య తన సొంత బొమ్మలను చొప్పించినప్పుడు గీతల అంచులు అలుక్కుపోయి, నడక జారుతున్నట్టు కనిపిస్తుంది. ఆ సదుపాయాన్ని ఆపేస్తే చిత్రం వెంటనే తేరుకుంటుంది.

రెండవది భాష. నేను వీలైనంతవరకు జపనీస్ శబ్దంతో, ఇంగ్లీషు సబ్‌టైటిళ్లతో చూడమంటాను. దీనికి కారణం స్వచ్ఛత మీద పట్టుదల కాదు. ఈ చిత్రాల్లో మౌనానికి గట్టి పని ఉంటుంది. కొన్ని పాత ఇంగ్లీషు డబ్బింగులు ఆ మౌనాన్ని భరించలేక మాటలతో నింపాయి. ‘కికీస్ డెలివరీ సర్వీస్’కు 1998లో వచ్చిన ఇంగ్లీషు డబ్బింగులో నల్లపిల్లి జీజీకి అసలు చిత్రంలో లేని మాటలు ఎన్నో చేర్చారు, దానితో ఆ పిల్లి స్వభావమే మారిపోయింది. అయితే సబ్‌టైటిళ్లు చదవలేని ఆరేళ్ల పిల్ల పక్కన ఉన్నప్పుడు డబ్బింగు పెట్టడానికి ఏమాత్రం సంకోచించనక్కర్లేదు. పిల్ల నవ్వుతూ చూడడమే అక్కడ ముఖ్యం. సబ్‌టైటిళ్ల జాబితాలో రెండు రకాల ఇంగ్లీషు కనిపించి, వాటిలో ఒకదాని పక్కన ‘సీసీ’ అని ఉంటే, అది తరచుగా ఇంగ్లీషు డబ్బింగు మాటలను అనుసరించి ఉంటుంది. జపనీస్ శబ్దంతో చూసేవారు ‘సీసీ’ అని లేనిదాన్ని ఎంచుకోవాలి.

మూడవది, చివరి పేర్లు వచ్చేటప్పుడు రిమోట్ ముట్టుకోకుండా ఉండడం. కథ ముగిసిన క్షణంలోనే ఓటీటీ చిత్రాన్ని ఒక మూలకు కుదించి మరో చిత్రాన్ని చూపడం మొదలు పెడుతుంది. ‘మై నైబర్ టొటోరో’లో ఆసుపత్రిలో ఉన్న తల్లి ఇంటికి తిరిగి రావడం మనకు కనిపించేది ఆ పేర్ల పక్కన కదిలే బొమ్మల్లోనే. అంతసేపూ ఆ పిల్లలతో పాటు తల్లి కోసం ఎదురుచూసినవారు ఆ దృశ్యాన్ని వదులుకోకూడదు.

మొదటి చిత్రం

ఇంట్లో పదేళ్లలోపు పిల్లలు ఉంటే మరో ఆలోచన లేకుండా ‘మై నైబర్ టొటోరో’ పెట్టండి. ‘స్పిరిటెడ్ అవే’ దర్శకుడు హయావో మియజాకి 1988లో తీసిన ఈ చిత్రం నిడివి 86 నిమిషాలు. తోకొరొజావా ప్రాంతపు కొండలను, పొలాలను ఆధారం చేసుకుని గీసిన ఒక పల్లెకు ఇద్దరు అక్కాచెల్లెళ్లు, సత్సుకి, మేయ్, తండ్రితో కలిసి ఇల్లు మారతారు. తల్లి దూరంగా ఆసుపత్రిలో ఉంటుంది. మియజాకి చిన్నతనంలో ఆయన తల్లి వెన్నెముక క్షయతో ఏళ్ల తరబడి బాధపడింది. ఆ ఎదురుచూపు ఎలా ఉంటుందో తెలిసిన మనిషి తీసిన చిత్రమని ప్రతి దృశ్యంలోనూ తెలుస్తుంది. ఇందులో ప్రతినాయకుడు లేడు, పోరాటం లేదు. పెద్దవారిలో కొందరు ‘ఇంకా కథ మొదలు కాలేదేమిటి’ అని అడుగుతారు. పిల్లలు మాత్రం ఆ ప్రశ్న అడగరు.

ఈ చిత్రాలను ఎలా చూడాలో నేర్పే దృశ్యం ఒకటి ఇందులోనే ఉంది. వానలో, చీకటి పడుతుండగా, సత్సుకి చెల్లెలిని వీపున ఎక్కించుకుని బస్‌స్టాపులో తండ్రి కోసం నిలబడి ఉంటుంది. చాలాసేపు ఏమీ జరగదు: వాన పడుతుంది, ఒక కప్ప నడిచి వెళ్తుంది, చెల్లెలు నిద్రలోకి జారుతుంది. తర్వాత టొటోరో అనే పెద్ద అడవి జంతువు వచ్చి పక్కన నిలబడుతుంది. ఆ పిల్ల ఇచ్చిన గొడుగు మీద చినుకులు టపటపా రాలిన చప్పుడు దానికి ఎంతో నచ్చుతుంది. మరిన్ని చినుకులు రాలాలని ఎగిరి గెంతుతుంది. వేరే చిత్రమైతే ఈ దృశ్యం అరనిమిషంలో ముగిసిపోయేది. మియజాకి ఎదురుచూపును ఎదురుచూపుగానే ఉంచాడు కాబట్టి, ఆ గెంతు దగ్గర పిల్లలు కేరింతలు కొడతారు. ఇక్కడ ఫోను చూడకుండా కూర్చోగలిగినవారికి మిగిలిన చిత్రాలన్నీ సులువుగా అందుతాయి.

పెళ్లి కాకుండా, చిత్తూరు నుంచో అనంతపురం నుంచో ఉద్యోగానికి వచ్చి మారతహళ్లిలోనో హెచ్‌ఎస్‌ఆర్ లేఅవుట్‌లోనో పీజీలో ఉంటున్నవారికి నేను చెప్పే మొదటి చిత్రం వేరు. అది 1989 నాటి ‘కికీస్ డెలివరీ సర్వీస్’. ఎయికో కదోనో 1985లో ప్రచురించిన పిల్లల నవల దీనికి ఆధారం. మంత్రగత్తెల ఆచారం ప్రకారం పదమూడేళ్లు నిండిన కికీ ఇల్లు వదిలి, తెలియని నగరంలో ఒక ఏడాది సొంతంగా బతకాలి. ఆమెకు వచ్చిన విద్య ఒక్కటే, చీపురు మీద ఎగరడం. రొట్టెల దుకాణం నడిపే గర్భిణి ఒసోనో ఆమెకు మేడమీద గది ఇస్తుంది; కికీ సరుకులు చేరవేసే పని మొదలు పెడుతుంది. గది ఊడ్చుకోవడం, ఉన్న డబ్బుతో గిన్నెలు కొనుక్కోవడం, వయసులో తనలాంటి అమ్మాయిలు మంచి బట్టలతో నవ్వుకుంటూ పోతుంటే తన నల్ల గౌను చూసుకోవడం వంటి చిన్న విషయాల మీద ఈ చిత్రం ఎంత శ్రద్ధ పెడుతుందో, కొత్త ఊళ్లో మొదటి జీతం కోసం ఎదురుచూసిన ఎవరికైనా వెంటనే తెలుస్తుంది.

అందులో ఒక ముసలావిడ మనవరాలి పుట్టినరోజుకు చేపలతో ‘పై’ అనే వంటకం చేసి పంపిస్తుంది. పొయ్యి పాడైతే కికీ స్వయంగా కట్టెల పొయ్యి రాజేసి సాయం చేసి, కుండపోత వానలో తడుస్తూ ఆ పళ్లాన్ని చేరుస్తుంది. తలుపు తీసిన మనవరాలు, నానమ్మ పంపే ఈ వంటకం తనకు ఇష్టం లేదని విసుక్కుంటూ తీసుకుని తలుపు వేసుకుంటుంది. కికీ ఏమీ అనదు. జూలై నెల వానలో ఔటర్ రింగ్ రోడ్డు మీద తడిసిన సంచితో మన గుమ్మం ముందు నిలబడే అబ్బాయిలను రోజూ చూస్తున్న నగరంలో ఉంటున్నాం కాబట్టి ఈ దృశ్యం మనకు మరింత దగ్గరగా తగులుతుంది. తరువాత కొన్నాళ్లకు కికీకి ఎగరడం రాకుండా పోతుంది. ఎందుకు పోయిందో చిత్రం విడమర్చి చెప్పదు. అడవిలో ఉండే చిత్రకారిణి ఉర్సులా మాత్రం, తనకూ ఒక్కోసారి బొమ్మ రాదని, అప్పుడు గీయడం మానేసి నడవడానికి వెళ్తానని, కునుకు తీస్తానని, ఏమీ చేయకుండా ఉంటానని చెబుతుంది. పనిలో అలసిపోయి, తమకు ఒకప్పుడు బాగా వచ్చిన పని ఇప్పుడు ఎందుకు రావడం లేదో తెలియని పాతికేళ్ల ఉద్యోగులకు దీనికంటే మంచి చిత్రం నాకు తెలియదు. నా ఇష్టాల వరుసలో మొదటి స్థానం దీనిదే.

ఊరి నుంచి అమ్మమ్మ వచ్చినప్పుడు

ఇంగ్లీషు చదవని పెద్దవారిని పక్కన కూర్చోబెట్టుకుని సబ్‌టైటిళ్ల చిత్రం పెట్టడం మర్యాద కాదు. వారితో చూడడానికి అన్నిటికంటే తగినది ‘రామాయణ: ద లెజెండ్ ఆఫ్ ప్రిన్స్ రామ’. జపాన్‌కు చెందిన యుగో సాకో, మన దేశానికి చెందిన రామ్‌మోహన్ కలిసి 1992లో పూర్తిచేసిన ఈ చిత్రం, 2025 జనవరి 24న తెలుగు డబ్బింగుతో కూడా మన థియేటర్లలో విడుదలైంది. కథ ముందే తెలిసిన పెద్దవారు బొమ్మల మీద ధ్యాస పెట్టగలుగుతారు. నదుల రంగు, అడవి వెలుగు, సైన్యాల కదలిక ఎలా గీశారో వారే పిల్లలకు వేలు పెట్టి చూపిస్తారు. తెలుగు డబ్బింగు ఎక్కడ దొరికితే అక్కడ పట్టుకోండి.

దాని తర్వాత మమోరు హొసోద 2009లో తీసిన ‘సమ్మర్ వార్స్’ పెట్టవచ్చు. కంప్యూటర్ లోకంలో జరిగే పోరాటం సగం ఉన్నా, మిగిలిన సగం ఉయెదా పట్టణంలో తొంభై ఏళ్లు నిండబోతున్న ముత్తవ్వ పుట్టినరోజుకు ఒకే ఇంట్లో చేరిన పెద్ద ఉమ్మడి కుటుంబం గురించి. దేశమంతా వ్యవస్థలు స్తంభించినప్పుడు ఆ ముత్తవ్వ పాత ఫోను ముందు కూర్చుని, తనకు తెలిసిన అధికారులకూ బంధువులకూ ఒక్కొక్కరికే ఫోను చేసి ధైర్యం చెప్పే దృశ్యం చూసి కదలని తెలుగు ఇల్లు ఉండదు. ఇలాంటి చిత్రాన్ని పెద్దవారికి చూపేటప్పుడు ఒక పద్ధతి పనిచేస్తుంది: మొదలు పెట్టే ముందు ఎవరు ఎవరికి ఏమవుతారో రెండు నిమిషాల్లో తెలుగులో చెప్పేయాలి, ముగింపు మాత్రం చెప్పకూడదు, నడుమ ముఖ్యమైన మూడు నాలుగు చోట్ల ఆపి, ఇప్పుడు ఏమన్నారో చెప్పాలి. ప్రతి వాక్యాన్నీ అనువదించబోతే వినేవారికీ చెప్పేవారికీ చిత్రం మిగలదు.

తకహాత చిత్రాలు

మియజాకి పేరు విన్నవారిలో చాలామంది ఇసావో తకహాత పేరు వినలేదు. 1985లో ఘిబ్లీని స్థాపించినవారిలో ఆయన ఒకరు. మియజాకి కంటే వయసులో పెద్ద. ఆయన చిత్రాల్లో ఎగిరే కోటలు లేవు. మనుషులు అన్నం తింటారు, కూరగాయలు కోస్తారు, పాత సంగతులు తలచుకుని సిగ్గుపడతారు. ముప్ఫై దాటిన ప్రేక్షకులు తొందరగా ఆయన దగ్గరకు రావాలని నా కోరిక.

1991 నాటి ‘ఓన్లీ యెస్టర్‌డే’ ఇందుకు మంచి ప్రవేశం. తోక్యోలో ఆఫీసు ఉద్యోగం చేసే ఇరవై ఏడేళ్ల తాయెకో, సెలవు పెట్టి యమగత ప్రాంతపు పల్లెకు కుసుమ పువ్వులు కోయడానికి వెళ్తుంది. ఐదవ తరగతిలో ఉన్న చిన్నప్పటి తాయెకో ఆమె వెంట జ్ఞాపకాల్లో వస్తూ ఉంటుంది. మనకు కుసుమలు అంటే నూనె. అక్కడ ఆ పసుపు పువ్వుల నుంచి ఎర్ర రంగు తీస్తారు. తెల్లవారుజామున మంచులో పువ్వులు కోసే దృశ్యాన్ని రైతు కుటుంబం నుంచి వచ్చినవారు ప్రత్యేకంగా గమనిస్తారు. ఇక చిన్నప్పటి, అంటే 1966 నాటి భాగంలో ఒక అనాసపండు దృశ్యం ఉంది. ఆ ఇంట్లో తాజా అనాసపండు ఎవరూ ఎప్పుడూ తినలేదు; దాన్ని ఎలా కోయాలో కూడా తెలియదు. తెలుసుకున్నాక, కుటుంబమంతా చుట్టూ కూర్చుని ముక్కలు నోట్లో పెట్టుకుంటారు. పండు గట్టిగా ఉంటుంది, తీపి లేదు. ఒక్కొక్కరే వదిలేస్తారు. చిన్న తాయెకో మాత్రం, ఎంతో ఆశపడిన పండు కాబట్టి, అందరి ముక్కలూ తానే నములుతూ కూర్చుంటుంది. అంతే జరుగుతుంది, అయినా ఒక కుటుంబం స్వభావమంతా అందులో బయటపడుతుంది.

జపాన్‌లో సాధారణంగా బొమ్మలు గీసిన తర్వాత గొంతులు రికార్డు చేస్తారు. ఈ చిత్రంలో పెద్ద తాయెకో భాగాలకు ముందు గొంతులు రికార్డు చేసి, నటుల ముఖకవళికలను చూసి గీశారు. అందుకే ఆమె నవ్వినప్పుడు బుగ్గల మీద గీతలు పడతాయి. చిన్నప్పటి భాగాల్లో అంచులు తెల్లగా మాసిపోయి ఉంటాయి. ఈ తేడాను గమనిస్తూ చూస్తే, జ్ఞాపకం ఎక్కడ ఆగి వర్తమానం ఎక్కడ మొదలవుతుందో ఎవరూ చెప్పనక్కర్లేదు.

‘ద టేల్ ఆఫ్ ద ప్రిన్సెస్ కగుయా’ 2013లో వచ్చింది. 2018లో మరణించిన తకహాతకు అదే చివరి చిత్రం. నిడివి 137 నిమిషాలు కాబట్టి పొద్దున్నే మొదలు పెట్టాలి, రాత్రి పది తర్వాత కాదు. వెదురు కొట్టే ముసలాయనకు వెదురు బొంగులో ఒక చిన్న పాప దొరుకుతుంది. ఆమెను గొప్ప ఇంటి పిల్లగా పెంచి, గొప్ప సంబంధం చూడడమే ఆమె సుఖమని ఆయన నమ్మి, ఆడుకునే కొండల నుంచి రాజధానికి తీసుకువెళ్తాడు. ఆ తండ్రిలో దురుద్దేశం రవ్వంత కూడా లేదు. అందుకే చూడడం కష్టం. పిల్లల చదువుకోసం, సంబంధాలకోసం ఊళ్లు మారిన మన తల్లిదండ్రులు ఈ చిత్రాన్ని పిల్లలు పక్కన లేనప్పుడు ఒకసారి, ఉన్నప్పుడు ఒకసారి చూడాలి. బొగ్గుతో గీసి నీటి రంగులు పులిమినట్టు, తెల్ల కాగితం మిగిలి ఉండగానే ఆగిపోయినట్టు కనిపించే బొమ్మలివి. ఆమె భవనం వదిలి పరుగెత్తే దృశ్యంలో మాత్రం గీతలు అదుపు తప్పి, ముఖం కూడా నల్లటి చారికల్లోకి చెదిరిపోతుంది. యానిమేషన్ మాత్రమే చేయగల పని ఏమిటని ఎవరైనా అడిగితే నేను ఆ దృశ్యాన్నే చూపిస్తాను.

ఇప్పుడు ‘స్పిరిటెడ్ అవే’

ఇంతవరకు వచ్చాక, నాలుగైదు చిత్రాల మౌనానికి అలవాటు పడ్డాక, ‘స్పిరిటెడ్ అవే’ పెట్టండి. మియజాకి తన చిత్రాలకు సన్నివేశాలను ముందుగా గీసుకునే బొమ్మలన్నీ (స్టోరీబోర్డు) పూర్తికాకముందే నిర్మాణం మొదలు పెడతాడు. ముగింపు ఏమవుతుందో ఆయనకే అప్పటికి తేలి ఉండదు. కాబట్టి మన సినిమాల్లోలా విశ్రాంతి దగ్గర మలుపు, పతాక సన్నివేశంలో లెక్క తీరడం ఆశించవద్దు. పదేళ్ల చిహిరో వెంట నడవండి. ఆమెకు తెలియనిది మనకూ తెలియదు, అంతే నియమం.

అందులో చిహిరో పనిచేసే దేవతల స్నానశాలకు భరించరాని కంపుతో, బురద ముద్దలా ఒక దేవుడు స్నానానికి వస్తాడు. అందరూ ముక్కు మూసుకుంటే చిహిరో దగ్గరకు వెళ్లి, అతని ఒంట్లో ముల్లులా ఏదో గుచ్చుకుని ఉందని కనిపెడుతుంది. తాడు కట్టి అందరూ కలిసి లాగితే సైకిలు, దాని వెంట గుట్టలు గుట్టలుగా చెత్త బయటపడుతుంది. అప్పుడు తెలుస్తుంది, వచ్చినవాడు ఒక నది దేవుడని. ఒక నదిని శుభ్రం చేయడానికి వెళ్లినప్పుడు సైకిలును బయటకు లాగిన అనుభవం ఈ దృశ్యానికి మూలమని మియజాకి చెప్పాడు. నురగలు కక్కిన బెళ్లందూరు చెరువు పక్క నుంచి ముక్కు మూసుకుని వెళ్లిన పిల్లలకు ఈ దృశ్యం గురించి ఎవరూ పాఠం చెప్పనక్కర్లేదు. వాళ్లే అడుగుతారు, జవాబు మనమే సిద్ధం చేసుకోవాలి.

మరొకటి, నీటి మీద నడిచే రైలు. చిహిరో, ముఖం లేని ఆత్మ పక్కపక్కన కూర్చుంటారు. నీడల్లాంటి ప్రయాణికులు ఒక్కో స్టేషనులో దిగిపోతారు. మాటలు దాదాపు లేవు, జో హిసాయిషి పియానో మాత్రం వినిపిస్తుంది. ఆ సమయంలో ఇంట్లో ఎవరూ టీ పెట్టడానికి లేవకుండా చూసుకోవడం మీ బాధ్యత.

‘ప్రిన్సెస్ మోనోనోకే’ కూడా ఈ దశలోనే చూడదగినది, కానీ అందులో తెగిపడే చేతులు, తలలు ఉన్నాయి కాబట్టి చిన్నపిల్లలకు వద్దు. అడవిని నరికే ఎబోషి తన దగ్గర కుష్ఠు రోగులకూ, వేశ్యావాటికల నుంచి తెచ్చిన ఆడవారికీ గౌరవమైన పని ఇచ్చిన మనిషి కూడా కావడం వల్ల, ఎవరి పక్షం తీసుకోవాలో తేల్చుకోలేని అరుదైన చిత్రమిది.

ఘిబ్లీకి వెలుపల

తెలుగువారు సినిమా అంటే ప్రాణం పెడతారు. అందుకే సతోషి కోన్ తీసిన ‘మిలీనియం యాక్ట్రెస్’ మనకోసమే తీసినట్టు ఉంటుంది. 87 నిమిషాల చిత్రం. ఎప్పుడో తెరకు దూరమైన నటి చియోకో తన జీవితం చెబుతుంటే, ఇంటర్వ్యూకు వచ్చిన అభిమాని, కెమెరామన్ ఆమె నటించిన చిత్రాల్లోకే నడిచి వెళ్తారు. ఒక తలుపు యుద్ధకాలంలో తెరిస్తే సమురాయ్‌ల కాలంలోకి తెరుచుకుంటుంది. మొదటి ఇరవై నిమిషాలు గందరగోళంగా అనిపించినా ఆపవద్దు. కోన్ నలభై ఆరేళ్లకే 2010లో మరణించాడు. పూర్తి నిడివి చిత్రాలు నాలుగే తీశాడు. వాటిలో ‘టోక్యో గాడ్‌ఫాదర్స్’ను కుటుంబంలోని పెద్దపిల్లలతో కలిసి చూడవచ్చు, ‘పర్ఫెక్ట్ బ్లూ’ మాత్రం కచ్చితంగా పెద్దలకే.

మకోతో షింకాయ్ చిత్రాల్లో 2016 నాటి ‘యువర్ నేమ్’ సరిపోతుంది; కథాసారాంశం చదవకుండా, ట్రైలరు కూడా చూడకుండా చూడండి. అదే ఏడాది నవోకో యమద తీసిన ‘ఎ సైలెంట్ వాయిస్’ వినికిడి లేని అమ్మాయిని తరగతిలో వేధించిన అబ్బాయి ఆ తర్వాతి జీవితం గురించి. హైస్కూలు పిల్లలతో చూడవలసిన చిత్రం, అయితే ఆత్మహత్యకు సంబంధించిన దృశ్యాలు ఉన్నాయి కాబట్టి తల్లిదండ్రులు ముందు తాము ఒకసారి చూసి ఉండాలి.

‘గ్రేవ్ ఆఫ్ ద ఫైర్‌ఫ్లైస్’ గురించి విడిగా చెప్పాలి. తకహాత తీసిన ఈ చిత్రం 1988లో జపాన్ థియేటర్లలో ‘టొటోరో’తో జంటగా విడుదలైంది. అలా వెంటవెంటనే చూడమని నేను ఎవరికీ చెప్పలేను. కోబె నగరం మీద బాంబులు పడిన 1945లో, తల్లిని కోల్పోయిన పద్నాలుగేళ్ల సెయితా, నాలుగేళ్ల చెల్లెలు సెత్సుకో బతకడానికి చేసిన ప్రయత్నమే కథ. ఆ అబ్బాయి చనిపోయాడని మొదటి నిమిషంలోనే చిత్రం చెప్పేస్తుంది; కాబట్టి ఏమవుతుందో అన్న ఉత్కంఠ ఉండదు, వాళ్లు గడిపిన ఒక్కొక్క రోజే ఉంటుంది. మూలకథ రాసిన అకియుకి నోసకా యుద్ధకాలంలో తన చెల్లెలిని ఆకలికి పోగొట్టుకున్నవాడు. తకహాత కూడా తొమ్మిదేళ్ల వయసులో ఒకయామా మీద జరిగిన వైమానిక దాడి నుంచి బయటపడినవాడు. దీన్ని ఆదివారం రాత్రి చూసి సోమవారం ఆఫీసుకు వెళ్లడం కష్టం. శనివారం మధ్యాహ్నం, ఒంటరిగా కాకుండా, చూసిన తర్వాత మాట్లాడుకోవడానికి సమయం ఉంచుకుని చూడండి. పన్నెండేళ్లలోపు పిల్లలకు చూపవద్దు. గర్భిణులకూ, ఇటీవల ఇంట్లో ఎవరినైనా కోల్పోయినవారికీ ఇప్పుడే వద్దని చెప్పండి.

థియేటరులో చూడదలిస్తే

షింకాయ్ తీసిన ‘వెదరింగ్ విత్ యు’ను అభిమానుల వినతి వల్ల 2019 అక్టోబరులో మన దేశంలో విడుదల చేశారు. ఆ తర్వాత 2023లో ‘సుజుమె’, 2024లో మియజాకి తీసిన ‘ద బాయ్ అండ్ ద హెరాన్’ వచ్చాయి. పెద్ద తెర మీద ఈ బొమ్మల ఆకాశాలను, వానను చూసే అవకాశం వస్తే వదులుకోవద్దు. బెంగళూరులో ఇలాంటి చిత్రాల ఆటలు తక్కువగా, కొద్ది రోజులే ఉంటాయి కాబట్టి విడుదలైన వారంలోనే వెళ్లాలి. పనిదినం సాయంత్రం ఆటకు ఔటర్ రింగ్ రోడ్డు దాటి వెళ్లేసరికి మొదటి పావుగంట పోతుంది. శనివారం ఉదయపు ఆట, వీలైతే మెట్రో స్టేషనుకు దగ్గరి మాల్, మంచి ఎంపిక. సబ్‌టైటిళ్లు తెర అడుగున వస్తాయి కాబట్టి ముందువరుసల కంటే మధ్యవరుసలు మేలు; ముందు కూర్చున్నవారి తల అడ్డురాని మెట్ల వరుస చూసుకుని సీటు ఎంచుకోండి.

టికెట్టు కొనే ముందు రెండు విషయాలు సరిచూసుకోవాలి. ఒకటి, భాష: 2025 సెప్టెంబరులో వచ్చిన ‘డీమన్ స్లేయర్: ఇన్ఫినిటీ కాజిల్’ జపనీస్‌తో పాటు ఇంగ్లీషు, హిందీ, తమిళం, తెలుగులోనూ విడుదలైంది, బుకింగ్ యాప్‌లో ఒకే పేరు కింద వేర్వేరు భాషల ఆటలు కనిపిస్తాయి, ఆట సమయం నొక్కిన తర్వాత కూడా భాషను మరోసారి చదవాలి. రెండవది, ఆ చిత్రం విడిగా నిలిచే కథా, లేక ధారావాహికకు కొనసాగింపా అన్నది. ‘ఇన్ఫినిటీ కాజిల్’ రెండవ రకానిది. అంతకుముందు భాగాలు చూడనివారికి అందులో ఎవరు ఎవరితో ఎందుకు పోరాడుతున్నారో తెలియదు. ఇంట్లో పిల్లవాడు దాని కోసం పట్టుబడితే, వెళ్లే ముందు కథ అంతవరకు ఏం జరిగిందో వాడినే చెప్పమనండి. వాడు చెప్పినంతసేపూ కూర్చుని వినండి, తర్వాత టికెట్లు తీసుకోండి.